ఏడు మీటర్ల కైట్

అమిహాన్ అనే శీతాకాలపు ఈశాన్య గాలి ఆగిపోయిన వారానికల్లా, ఆ దీవిలోని బులాబోగ్ తీరం బోసిపోతుంది. ఆర్నెల్లపాటు నడుముకి కైట్ అనే పెద్ద గాలిపటం తగిలించుకుని, పాదాల కింద పలకతో నీళ్ళ మీద జారుతూ తిరిగిన పరదేశులంతా ఇళ్ళకి వెళ్ళిపోతారు. వాళ్ళకి ఆ విద్య నేర్పినవాళ్ళు మాత్రం ఇసుకలో కూర్చుని పడమటి వానల కోసం ఎదురు చూస్తుంటారు.

జోవిలిన్ ఎనిమిదేళ్ళుగా అక్కడి కైట్ బడిలో చిరిగిన కైట్లు కుడుతోంది. అన్నేళ్ళుగా ఆమెతో కాపురముంటున్న రోడెల్ అదే బడిలో గురువు. ఏటా మే నెల రాగానే ఇద్దరూ ఒకటే అనుకునేవాళ్ళు, ఈసారైనా మనమూ సెలవుకి వెళదామని. ఇక్కడ గాలి ఆగిన నెలల్లోనే శ్రీలంకలో, కల్పిటియ దగ్గర గాలి మొదలవుతుంది. ఆ సంగతి కనిపెట్టింది జోవిలినే. అక్కడ రోడెల్‌కి శిష్యులుండరు, తనకి చిరుగులుండవు. కానీ ఏడాదికొక అడ్డం వచ్చిపడేది. ఒకసారి తుపాను పైకప్పు ఎత్తుకుపోయింది. ఒకసారి రోడెల్ మోకాలు బెణికింది.

ఈ ఏడు అడ్డమేమీ లేదు. రోడెల్ మాటలు మాత్రం తగ్గిపోయాయి. డిసెంబరు నుంచి ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా తిరుగుతున్నాడు. పెడితే తింటాడు, అడిగితే జవాబిస్తాడు. ఏమైందని జోవిలిన్ గట్టిగా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆమె భయం. కల్పిటియ వెళ్ళి, ఇద్దరూ పక్కపక్కన నీళ్ళలోకి దిగితే పాత రోడెల్ తిరిగి వస్తాడని ఆమె ఆశ. ఆ ఆశతోనే మొదటిసారి పాస్‌పోర్టు తీసుకుంది, పెట్టె కూడా సగం సర్దింది.

"ఇంతకీ రోడెల్ వస్తానన్నాడా?" అని అడిగింది మెర్లీ. ఆమె జోవిలిన్ పెద్దమ్మ కూతురు. బడి పక్కనే చిన్న కొట్టు పెట్టుకుని, అరటికాయ ముక్కలు నూనెలో వేయించి, చక్కెర పాకం పట్టించి అమ్ముతుంది.

"రానని అనలేదక్కా. విడిది సంగతి తనే మాట్లాడతానన్నాడు."

"రాననకపోవడం వేరు, వస్తాననడం వేరు, చెల్లీ. మీ బావ ఇరవై ఏళ్ళుగా ఈ కొట్టు తలుపు బాగుచేయనని ఒక్కసారీ అనలేదు."

జోవిలిన్ నవ్వి, కొట్టు ముందు బల్ల మీదే కూర్చుని కల్పిటియ విడిది యజమానికి ఫోన్లో రాసింది. రోడెల్ పేరు చెప్పి, అన్నీ కుదిరాయా అని అడిగింది. జవాబు వెంటనే వచ్చింది. జూన్ పదో తేదీ నుంచి ఇద్దరికీ ఒక గది. రోడెల్‌కి పన్నెండు మీటర్ల కైట్, ఆవిడకి ఏడు మీటర్లది తీసిపెట్టాం.

కైట్ కొలత మనిషి బరువుని బట్టి ఉంటుంది. తేలిక మనిషికి చిన్నది, బరువైన మనిషికి పెద్దది. జోవిలిన్‌ని ఏడు మీటర్లది ఒడ్డు నుంచి కదిలించను కూడా కదిలించదు.

"చూశావా అక్కా, నన్ను చంటిపిల్లని చేసేశాడు" అంటూ ఆమె తిరిగి రాసింది. "ఏడు కాదు, పది. నా బరువు అరవై మూడు కిలోలు. మా ఆయన పొరపాటున రాశాడు."

"ఎనిమిదేళ్ళు పక్కనున్నా నీ బరువు తెలీదా వాడికి?" అంది మెర్లీ, నూనెలో ముక్కలు తిప్పుతూ.

రెండో జవాబు ఇలా వచ్చింది. "పదికి మార్చాం. అయితే ఆయన నలభై ఏడు కిలోలని రాశారు. నడుము పట్టీ కూడా అన్నిటికన్నా చిన్నది అడిగారు. అదీ మార్చాలా?"

ఈసారి జోవిలిన్ నవ్వలేదు. ఇసుకలో నడిచొచ్చే మనిషిని చూసి కిలో తేడా లేకుండా బరువు చెప్పగలవాడు రోడెల్. బడిలో అందరూ దాని మీద పందేలు కాసి ఓడిపోయేవాళ్ళు. అలాంటివాడు పదహారు కిలోలు పొరబడడు.

ఈ ఏడు తీరానికి వచ్చినవాళ్ళలో అంత తేలిక మనిషి ఒక్కతే. సెబూ నుంచి డిసెంబరులో నేర్చుకోవడానికి వచ్చి, ఆ తర్వాత నెలనెలా వచ్చిన క్రిస్టెల్. ఆమె ఏడు మీటర్ల కైట్ రెండుసార్లు చిరిగింది. రెండుసార్లూ కుట్టింది జోవిలినే. దగ్గర నిలబడి కుట్టించాడు రోడెల్. "సన్నగా కుట్టు. తేలిక మనిషి, నడి నీళ్ళలో చిరిగితే తట్టుకోలేదు" అన్నాడు. శిష్యుల మీద ఎంత శ్రద్ధో అనుకుంది అప్పుడు.

బడి వెనక రోడెల్ కైట్ తాళ్ళకి పట్టిన ఉప్పు కడుగుతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"క్రిస్టెల్ నలభై ఏడు కిలోలా?"

అతను చేతిలో తాడు వదల్లేదు. "నీకు చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"బయల్దేరే ముందు."

"నేను పెట్టె సర్దుతుంటే చూస్తూనే ఉన్నావు కదా."

"సంతోషంగా కనిపించావు జోవీ. నోరు రాలేదు."

"కల్పిటియ నేను చెప్పిన చోటు."

"తెలుసు."

"ఇంకో చోటు దొరకలేదా మీకు?"

అతను కడిగిన తాడునే మళ్ళీ కడుగుతూ ఉండిపోయాడు. ఆమె కొట్టు దగ్గరికి వచ్చేసింది. మెర్లీకి రెండు ముక్కల్లో చెప్పింది. మెర్లీ పొయ్యి ఆర్పి, వచ్చి పక్కన కూర్చుంది.

కొంతసేపటికి జోవిలిన్ ఫోన్ తీసింది.

"ఇంకా వాళ్ళకేం రాస్తావే?"

"ఏడుకి మార్చమని. నేను పది రాశాను కదా."

"ఉండనీ పది. ఎగిరెళ్ళి కొబ్బరిచెట్టు మీద కూర్చుంటుంది. అక్కడినుంచి నీకు చెయ్యి ఊపుతుంది."

జోవిలిన్ తల అడ్డంగా ఆడించింది. "ఆ గాలికి పది మీటర్లది ఆ పిల్లని ఆకులా లేపేస్తుంది అక్కా. కింద పడితే నడుము మిగలదు."

"పక్కన వాడుంటాడుగా. చూసుకుంటాడు."

"ఏడుది అప్పటికి ఇంకెవరికో ఇచ్చేస్తారు. పరవాలేదు, పదితోనే దిగు, నేను పట్టుకుంటాలే అంటాడు. ఉన్నదానితో సర్దుకునే మనిషే కదా ఇన్నాళ్ళూ."

మెర్లీ ఫోన్ కనబడేలా దగ్గరికి జరిగింది.

జోవిలిన్ ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది. "పొరపాటు నాది. రోడెల్ రాసిందే సరైనది. ఆవిడకి ఏడు మీటర్లదే ఇవ్వండి, పది ఇవ్వొద్దు. పట్టీ కూడా చిన్నదే."

అవతలి మనిషి మర్యాదస్తుడు. వెంటనే జవాబిచ్చాడు. "అలాగే. మరి పది మీటర్లది ఎవరికి?"

"నాకని అడిగాను. నేను రావడం లేదు."

"అయ్యో" అని రాశాడతను. "వచ్చే ఏడు రండి. మా గాలి ఎక్కడికీ పోదు."

జోవిలిన్ ఆ మాట చదివి, ఫోన్ మెర్లీ చేతికిచ్చింది. ఆ మంచి మనిషికి ఏదో ఒక జవాబు రాయమని చెప్పి, పెట్టెలో సర్దినవి తీసేయడానికి ఇంటికి నడిచింది.