జింకలు తినని మొక్కలు

గులాబీ మొగ్గ ఒకటి పోయిందంటే చాలు, ఆ ఇంట్లో మొదట వినపడే మాట, "సాయంత్రం నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా?" తిట్టరు పాపం, అంత మోటుమనుషులు కారు. అత్తగారు మెత్తగా అడుగుతారు. భర్తగారు పేపరు దించకుండా అడుగుతారు. కాలనీలో వాళ్ళదే చివరి ఇల్లు, ఆ వెనక కొండ, కొండనిండా అడవి. పొద్దు వాలేసరికి జింకలు తమ సొంత దారిలో నడిచినట్టు దిగి వచ్చి, పెరట్లో లేతగా ఏముంటే అది కొరికి పోతాయి. కోడలు ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో ఉదయం డ్యూటీ చేసి, ఇంటికొచ్చి, గిన్నెలు కడిగి, ఆరేసిన బట్టలు మడతపెట్టి, సాయంత్రం స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని మెట్ల మీద కూర్చుంటుంది. ఆకు కదిలితే దడదడా వాయిస్తుంది. వీధంతా ఆమెకి జింకలావిడ అని పేరు పెట్టేసింది. ఉత్తరాలిచ్చే మనిషి కూడా ఆ పేరుతోనే ఇల్లు వెతుక్కుంటాడు.

గులాబీలు అత్తగారివి. జింకలు భర్తగారివి. నిజంగానే ఆయనవి. ఎవరైనా చుట్టాలొస్తే కిటికీ దగ్గర కుర్చీలు వేయించి, లైటు ఆర్పించి, "మా ఇంటికి జింకలొస్తాయండీ" అని, అదేదో తనే పెంచినట్టు మురిసిపోతారు. ఫోను నిండా జింకల ఫొటోలే. పెళ్ళాం ఫొటో కావాలంటే చాలాసేపు వెతకాలి. కంచె వేయిద్దామని ఆమె ఒకసారి అంటే, "జైల్లో ఉన్నట్టుంటుంది, అందమంతా పోతుంది" అన్నారు. అంటే జింకలు రావాలి, గులాబీలు పూయాలి, కంచె ఉండకూడదు. ఈ మూడూ ఒకచోట ఇమడాలంటే మధ్యలో ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి ఎవరన్న సంగతి మీద ఇంట్లో ఎప్పుడూ చర్చే జరగలేదు.

సలహాలకేం కొదవ లేదు. కొమ్మలకి సబ్బుముక్కలు వేలాడదీయమని ఆడపడుచు ఫోన్లో చెప్పింది. కోడిగుడ్లు గిలక్కొట్టిన నీళ్ళు చల్లమన్నాడు మరిది, కాకపోతే వాన కురిసినప్పుడల్లా మళ్ళీ చల్లాలట. మంగలి షాపులో జుట్టు అడిగి తెచ్చి మొదళ్ళలో వేయమన్నారు భర్తగారు. అడిగి తెచ్చింది కూడా ఆమే. ఎవరెవరి జుట్టో వేళ్ళతో విడదీసి మట్టిలో పరిచింది. ఆ రోజు కూడా మొగ్గలు పోయాయి. "సరిగ్గా వేసి ఉండవు" అన్నారు.

ఇలా ఉండగా, రక్తపరీక్షల గదిలో సాయంత్రం డ్యూటీ చూసే పెద్దావిడ రిటైరైంది. ఆ స్థానం ఇన్‌ఛార్జిది. గదంతా ఆ సీట్లో ఉన్నవాళ్ళ మాట మీద నడుస్తుంది. వరస ప్రకారం అది జింకలావిడకే రావాలి. మేనేజరు పిలిచి, "నీదేనమ్మా, కానీ నీకు కుదరదు కదా, ఇల్లుంది" అని జాలిగా నవ్వాడు. ఆయనకీ ఇల్లుంది, దాని మాట ఎత్తలేదు. నెలాఖరులోగా చెప్పకపోతే ఆమె వెనక చేరిన కుర్రాడికి ఇచ్చేస్తానన్నాడు. నరం దొరక్కపోతే ఇప్పటికీ ఆమెనే కేకేసే కుర్రాడు. ఇంటికొచ్చి చెబితే భర్తగారు సరదాగానే నవ్వి, "మరి జింకల్నెవరు చూస్తారు?" అన్నారు. ఉన్న ఉద్యోగం చాలదా అన్నట్టు అత్తగారు ఒక్క చూపు చూశారు. వెళ్ళొద్దని ఒక్కరూ అనలేదు. ఊరికే జింకల్ని అడ్డం పెట్టారు. మూగజీవాలు, వాటిమీద ఏమని కోపం తెచ్చుకుంటుంది? మనుషుల మీదే తెచ్చుకుంది.

ఆ సాయంత్రం పళ్ళెం వాయించబుద్ధి కాలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. జింక ఒకటి వచ్చి గులాబీ చిగురు తాపీగా తెంపుకుంది. పంపు పక్కన తను ఎప్పుడో గుచ్చిన పుదీనా దగ్గరికి పోయి, మూతి పెట్టి, ముఖం తిప్పేసుకుంది. పక్కింటి గోడవతల నుంచి వంగిన గన్నేరు కొమ్మని చూడనైనా చూడలేదు. ఇన్నాళ్ళూ అవి తినే మొక్కలకే కాపలా కాసింది గానీ, వదిలేసేవేవో చూడాలని తట్టనే లేదు. తన తెలివి తెల్లారినట్టే ఉందని ఆమెకి నవ్వొచ్చింది.

మర్నాడు డ్యూటీ దిగి నర్సరీకి వెళ్ళింది. నర్సరీ నడిపే ఆమె మాటకారి. "పూలకి కావాలా, నీడకి కావాలా?" అని అడిగింది. జింకలు తిననివి కావాలంది. "మీ ఇంట్లోవాళ్ళు ఏవి అడిగారు?" అంటే, వాళ్ళనడగలేదంది. నర్సరీ ఆమె ఘాటు వాసనవీ, గరుకు ఆకులవీ ఏరి ముందు పెట్టింది. రోజ్‌మేరీ, లావెండర్, నిమ్మగడ్డి, గన్నేరు. గన్నేరు విషం, చిన్నపిల్లలుంటే వద్దంది. జింకలావిడకి ఒక్కతే కూతురు, దూరంగా చదువుకుంటోంది. కొమ్మ కత్తిరిస్తే చేతులు కడుక్కోమంది. పూచీ మాత్రం పడనంది, కరువొస్తే జింకలు వేటినీ వదలవట.

గులాబీల్లో మిగిలినవి మోళ్ళే. పీకేసి కొత్తవి నాటింది. అత్తగారు గుమ్మంలోకొచ్చి ముక్కు మూసుకుని, మందుల షాపులా ఉంది ఇల్లంతా అన్నారు. "గన్నేరు బాగానే పూస్తుంది అత్తయ్యా" అంది ఆమె, మట్టి కప్పుతూ.

సాయంత్రం జింకలొచ్చాయి. ముందున్నది రోజ్‌మేరీకి మూతి ఆనించి, తల విదిలించి పక్కకి జరిగింది. మిగతావీ అంతే. కాసేపు దిక్కులు చూసి, ఎదురింటివాళ్ళ బంతిమొక్కల వైపు నడిచాయి. వారం గడిచినా అదే తంతు. గెలిచినట్టు ఉంటుందనుకుంది గానీ, ఖాళీ చేతులతో మెట్ల మీద కూర్చుంటే భయమేసింది. రేపు మేనేజరు అడిగితే ఇంక ఏం చెప్పాలి? ఇన్నాళ్ళూ జింకల పేరు చెప్పి ఇంట్లోవాళ్ళు ఆపారనుకుంది. కొంత తను కూడా వాటి చాటునే దాక్కుంది. పదిమంది మీద మాట చెల్లించుకోవాలంటే ఆమెకీ జంకే. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గేసింది, ఒప్పుకుంది. మర్నాడు వెళ్ళి సాయంత్రం డ్యూటీ తనకే కావాలని చెప్పింది. మేనేజరు ఇంట్లో అడిగావా అన్నాడు. చెబుతానంది.

డ్యూటీలో చేరాల్సిన రోజు మధ్యాహ్నం, అన్నం, కూర వండి మూతపెట్టి ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే భర్తగారు ఆటో దిగారు. చేతుల్లో రెండు గులాబీ కుండీలు, ఒక్కోదానికి గుత్తులుగా మొగ్గలు. ఆదివారం తన ఆఫీసరు కుటుంబంతో వస్తున్నాడట. జింకలు ఈమధ్య మన పెరట్లో ఆగడమే మానేశాయి, వీటిని చూస్తే ఆగుతాయి, ఫొటోలు తీసుకుంటారు అన్నారు. అయితే ఆదివారం దాకా ఒక్క మొగ్గ పోకుండా చూడమన్నారు. కుండీలు చూసి అత్తగారి ముఖం ఎన్నాళ్ళకో విప్పారింది.

ఆమె చెప్పులేసుకుంటూ సంగతి చెప్పింది. కొత్త డ్యూటీ అని, వచ్చేసరికి రాత్రవుతుందని, వంట అయిందని, వడ్డించుకోమని. గొంతు పెంచలేదు. భర్తగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం రాలేదు, కంగారొచ్చింది. అటు వాళ్ళమ్మ వంక, ఇటు కుండీల వంక చూశారు.

"మరి వీటికి కాపలా ఎవరు కాస్తారు?"

"ఎవరికి కావాలో వాళ్ళు" అంది ఆమె.