తెల్ల దుమ్ము

నాలుగోసారి తోమినా ఆ గిన్నె అడుగున తెల్లమరక పోలేదు. వెనక గదిలో ఉండే బిక్షం గిన్నెలు అవి. "ఎట్లాగు నీళ్లల్ల చేతులు పెడ్తనే ఉన్నవు గద, గవ్విటిని గూడ తోముతె నీ సొమ్మేం పోతదే?" అంది మా అత్త. ఆ రోజు నుంచి అవి నా పనైపోయాయి. బిక్షం మా ఆయన రఘుపతికి దోస్తు. సబ్బుపొడి చేస్తానని చెప్పి గది తీసుకున్నాడు. మొదట్లో నేనూ సబ్బుపొడే అనుకున్నాను.

మా గోదావరిఖని కాలనీలో దుమ్ము నల్లగా ఉంటుంది. నేను దులిపిన బొగ్గుతో రామగుండం కరెంటు ఫ్యాక్టరీ రెండు రోజులు నడుస్తుందని పక్కింటివాళ్లను నవ్విస్తుంటాను. కానీ మా వెనక కిటికీ మీద మాత్రం దుమ్ము తెల్లగా పడేది. ఆ గోడ మీద బల్లి మూడు రోజులు ఒకేచోట నిద్రపోయింది. ఒట్టు, గురక కూడా విన్నాను. చీమల బారు కిటికీ దాకా వచ్చి, బతుకమ్మ ఆడినట్టు గుండ్రంగా తిరిగి తిరిగి, ఎక్కడివక్కడ ఆగిపోయింది. పిల్లి ఆ పక్కకు రావడమే మానేసింది. ఇవన్నీ చెబితే ఆడవాళ్లు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

నా ఐదేళ్ల బిడ్డ లాస్య ఆ కిటికీ కిందే ఆడుకునేది. ఈ మధ్య అల్లరి తగ్గింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా గోడకేసి చూస్తూ కూర్చునేది. "ఆడపిల్లంటె గిట్లుండాలె, సప్పుడు లేకుంట," అని అత్త మురిసిపోయింది. "వదినా, పొట్లాలు కట్టనీకి పంపరాదు? చిన్న చేతులు జల్ది ఆడుతయ్," అన్నాడు బిక్షం. నేను వద్దన్నాను. మా ఆయన పంపాడు.

నిన్న మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగింది. కిటికీలు గడగడలాడాయి, అరలోంచి గ్లాసు కింద పడింది. రోజూ ఆ చప్పుడుకు లాస్య కేక పెట్టి నా కొంగులో దూరుతుంది. నిన్న రాలేదు. వెళ్లి చూస్తే కిటికీ కింద పడుకుని ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. వేళ్లకు తెల్లపొడి. ఆ కళ్లలోకి వంగి చూశాను. వాటి వెనక ఎవరూ లేరు.

భుజాన వేసుకుని దవాఖానకు పరిగెత్తాను. వెనకే మా ఆయన.

"ఏం తిన్నదమ్మా?" అంది డాక్టరమ్మ పాప వేళ్లకున్న తెల్లపొడి చూసి, ఛాతీ మీంచి చెయ్యి తియ్యకుండా. "నిజం తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలను. మత్తుమందు అయితే పోలీసులకు చెప్తాను. పసిపిల్లల చేతికి అలాంటిది అందనిచ్చినవాళ్లను చట్టం వదలదు."

మా ఆయన నా చెవి దగ్గరకు వంగాడు. "దినాం గంపెడు కథలు చెప్తవు గద. ఇయ్యాల గూడ ఒకటి చెప్పు. లేకుంటె గనిల నా కొలువు పోతది. నువ్వు గూడ లోపలికి పోతవు."

కథలు నిజంగానే వచ్చాయి. జ్వరం మాత్రలు మింగింది, పక్కింట్లో ఏదో తిన్నది, మెట్ల మీంచి పడింది. ఒకదాని వెనక ఒకటి నాలుక మీద నిలబడ్డాయి. లాస్య ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎంతసేపో.

"కల్లుల కలిపే మత్తుపొడి, డాక్టరమ్మా. మా ఇంట్లనే చేస్తున్నరు. ఈయన దోస్తు చేస్తడు, ఈయన అమ్ముతడు. బిడ్డతోని పొట్లాలు కట్టిచ్చిన్రు."

"నీకెప్పుడు తెలిసింది?"

మా ఆయన వేళ్లు నా భుజంలోకి దిగాయి.

"మూడు నెలల సంది ఎరుకనే," అన్నాను. "నా పేరు గూడ రాసుకో."