సున్నాకి దిగువన

"పొద్దున్నుంచీ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేశావమ్మా?" అని అత్తగారు అడిగారు. అడగడంలో వెటకారం లేదు, ఆవిడకు నిజంగానే తెలియదు.

"పాతవి తీసేస్తున్నానత్తయ్యా" అంది కోడలు, కుక్కర్ మూత కడుగుతూ.

"తీసెయ్యడానికి ఇంత చదువు కావాలా!"

కావాలని చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆమె ఇంట్లోంచే పనిచేసేది గ్రాఫులు గీసే ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళు తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడుకి. దాన్ని వాడడం నేర్పే పేజీల్లో వందలకొద్దీ ఉదాహరణలున్నాయి. చాలావరకు పదేళ్ళ నాటివి, వాటిలోని కమాండ్లు కొన్ని ఇప్పుడు లేనే లేవు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అది తెలియక ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటారు. తెర నిండా ఎర్ర అక్షరాలు వస్తే తప్పు తమదే అనుకుంటారు. ఒకప్పుడు ఆమే అలా మూడు రోజులు కూర్చుంది. ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్లెక్కిన పిల్ల, అచ్చులో ఉన్నది తప్పయి ఉంటుందని అనుకునే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ఒక్కో ఉదాహరణనీ నడిపి చూసి, దానికి దారితీసే పేజీలన్నీ వెతికి, ఆ దారులు మళ్ళించి, అప్పుడు తీసేస్తుంది. ఏడాదిలో రెండు వందల పన్నెండు తీసేసింది. తీసేశాక అక్కడ ఏమీ కనబడదు. ఏమీ కనబడకపోవడమే ఆ పని. ఇంట్లోనూ అంతేగా. ఆదివారం భర్త ఒక కూర చేస్తే బుధవారం దాకా చెప్పుకుంటారు. ఆ కూర పొంగి గట్టిపడ్డ పొయ్యిని ఆమె గీకి తుడిస్తే, పొయ్యి ఎప్పటిలా ఉందంతే.

శుక్రవారం మధ్యాహ్నం టీమ్ లీడ్ నుంచి మెయిలొచ్చింది. ప్రతి మెయిలు మీదా 'అర్జెంటు' అని పెడతాడు కాబట్టి ఆయన్ని చాటున అందరూ 'అర్జెంటు గారు' అనే అంటారు. ఈసారి మాత్రం నిజంగానే అర్జెంటు. డాక్యుమెంటేషన్, అంటే ఆ నేర్పే పేజీల బాధ్యత మొత్తం ఎవరికివ్వాలో నాలుగింటికి కమిటీ తేలుస్తుంది. ఆ బాధ్యత కావాలని ఆమె రెండేళ్ళుగా అడుగుతోంది. మెయిలుతో పాటు ఒక గ్రాఫు ఉంది: ఏడాదిలో ఎవరు ఎన్ని లైన్ల కోడు చేర్చారు, అందులోంచి తీసేసినవి పోగా ఎన్ని మిగిలాయి. ఏడుగురి పేర్లున్నాయి, ఆరు పట్టీలే ఉన్నాయి. ఆమె పేరు మీద ఖాళీ.

ఫోన్ చేసింది.

"అదేం లేదు మేడమ్, మీది మైనస్‌లోకి పోయిందంతే. ఇంకా రెండు గంటలుందిగా, ఓ పాతిక కొత్త ఉదాహరణలు పెట్టెయ్యండి. ఏవో ఒకటి. పట్టీ కాస్త పైకి లేస్తుంది."

"పాతిక కాదు సార్, పాతిక వేల లైన్లు పెడితేగానీ సున్నాకి రాను."

"అందుకే అన్నాను, ఊడ్చే పని నెత్తినేసుకోవద్దని" అని ఆయన మంచిగానే నవ్వాడు.

ఆమె ఆ గ్రాఫు గీసిన కోడు తెరిచింది. చూడగానే ఆ లైన్లు ఎక్కడివో తెలిసిపోయింది. ఆమె తీసెయ్యాల్సిన జాబితాలో ఇంకా మిగిలిన పాత ఉదాహరణ అది. అర్జెంటు గారు కామాతో సహా కాపీ కొట్టాడు. అందులో ఒక లైను, గ్రాఫు నిలువు అక్షం సున్నా దగ్గరే మొదలవ్వాలంటుంది. సున్నాకి దిగువన ఎంత ఉన్నా కాగితం మీదికి రాదు. ఎవరో కావాలని దాచింది కాదు, ఎవరూ చూసుకోలేదు. అదే ఆమెకు ఎక్కువ మంటగా అనిపించింది.

ఆ లైను తీసేసి మళ్ళీ గీసింది. ఆమె పట్టీ సున్నా దగ్గర బయల్దేరి పేజీ అడుగుదాకా దిగింది. ఆ గ్రాఫుని కమిటీకి పంపింది. తర్వాత జాబితాలోని ఆ ఉదాహరణని కూడా తీసేసి, కారణం రాయాల్సిన చోట ఇలా రాసింది: "ఇది జరిగిన పనిని కనబడనివ్వదు."

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. "ఏంటి మేడమ్ ఇది! మావన్నీ అగ్గిపుల్లల్లా అయిపోయాయి. అసలు ఇంత కింద ఏముందని వాళ్ళడిగితే నేనేం చెప్పను?"

"మీరేం చెప్పొద్దు సార్. నన్ను పిలవండి. నేనే చెప్తాను."

"సరే, నాలుగింటికి వీడియో కాల్‌లోకి రండి" అన్నాడు.

నాలుగవుతుండగా భర్త ఆమె గదిలోకి తొంగిచూశాడు. "మా వాళ్ళు నలుగురు వస్తున్నారోయ్, దారిలో ఉన్నారట. కాస్త ఆ హాలు సర్దేద్దూ."

హాల్లో సోఫా మీద ఆరిన బట్టల కుప్ప, కింద పాప రంగు పెన్సిళ్ళు, బల్ల మీద పొద్దుటి కప్పులు. మామూలుగా అయితే ఐదు నిమిషాల్లో మాయం చేసేది.

"నాకు మీటింగుంది."

"మరి ఇల్లు?"

"ఉన్నట్టే ఉండనివ్వండి" అంది ఆమె, తలుపు దగ్గరికి వేస్తూ. "రోజూ ఎంత పని అవుతోందో వాళ్ళూ చూస్తారు, మీరూ చూస్తారు."