దానికి ముందు ఏం జరిగింది

మాటలు రాని పిల్లల బడిలో సహాయకులుగా చేరబోయేవాళ్లకి ఆ నెలంతా శిక్షణ. వాళ్లలో ఒకామె అందరికంటే వయసులో పెద్దది. మొదటిరోజే ఎవరో పెద్దక్కా అని పిలిచారు, ఇక ఆ పేరే స్థిరపడిపోయింది. నలభై దాటింది, పెళ్లి చేసుకోలేదు. కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుకొచ్చిన తల్లికి చూపు మందగించింది. అందుకే ఈ వయసులో ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ రోజు పిల్లల ప్రవర్తన చూసి రాసుకునే పద్ధతులు నేర్పుతున్నారు. ఒకరు పిల్లాడిలా నటించాలి, మిగతావాళ్లు చూసి రాయాలి.

"ఏదో ఒక్క పని మళ్లీ మళ్లీ చేస్తే చాలు," అంది శిక్షకురాలు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పెద్దక్కే లేచింది.

"నా మోకాళ్లు కింద కూర్చోనివ్వవు. కుర్చీలో కూర్చునే పిల్లాణ్ణవుతాను," అంది. అందరూ నవ్వారు.

తల వేలాడేసి కూర్చుంది. కాసేపటికి కుడి అరచెయ్యి లేపి చెవి మీద కొట్టుకుంది. ఉత్తుత్తి దెబ్బ కాదు, చప్పుడు గదంతా వినిపించింది. తర్వాత ముందుకీ వెనక్కీ ఊగుతూ మళ్లీ కొట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

మొదట ఎన్నిసార్లో లెక్కపెట్టమన్నారు. ఏ ఇద్దరి లెక్కా కుదరలేదు.

"వెంటవెంటనే రెండు తగిలితే ఒకటనుకోవాలా, రెండా?" అని ఒకరు అడిగారు.

"అది మొదలుపెట్టక ముందే అనుకోవాలి," అంది శిక్షకురాలు.

తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని ఎంతసేపు ఊగిందో చూశారు. ఆ తర్వాత సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ ముక్కలో కొట్టుకుంటే అక్కడ టిక్కు పెట్టారు.

"ఒక్క దెబ్బకీ టిక్కే, నాలుగు దెబ్బలకీ టిక్కే. ఇదేం న్యాయం?" అని వెనక ఎవరో గొణిగారు.

అప్పటికి పెద్దక్క చెవి కందిపోయింది. వేరేవాళ్లు కూర్చుంటారా అని శిక్షకురాలు అడిగితే, "ఫర్వాలేదు, కానివ్వండి," అంది. ఆ గొంతు ఆమెది కానట్టుంది.

ఆఖరి పద్ధతిలో ఆ పనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్నది రాయాలి. ఈసారి అందరికంటే ఓపిగ్గా చూసింది ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడ. అయ్యాక కాస్త తటపటాయించి అడిగింది.

"పెద్దక్కా, కావాలనే చేశావా? పక్కగదిలో జిరాక్స్ మిషన్ టకటకమన్నప్పుడల్లా కొట్టుకున్నావు. అది ఆగితే ఆపేశావు."

"నాకసలు వినపడలేదే," అంది పెద్దక్క. కందిన చెవి తడుముకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది.

"మా తమ్ముడు ఇలాగే కొట్టుకునేవాడు. వాడికి మాటల్లేవు. మాకున్నది ఒక్కటే గది. పొద్దున లేస్తే అమ్మ కుట్టుమిషన్ దగ్గర కూర్చునేది, వాడి పడకా అక్కడే. మొండితనం అనేవాడు నాన్న. చెవి వాచిపోతుంటే అమ్మే మెత్తటి గుడ్డముక్కలతో వాడి చేతులు కట్టేది. పదకొండో ఏట ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హోమ్‌లో చేర్చారు. అక్కడ ఒక్కసారి కూడా కొట్టుకోలేదట. వాళ్లు భయపెట్టి ఉంటారని అమ్మ ఏడ్చింది. ఆ వానాకాలం జ్వరమొచ్చి పోయాడు." కొంచెం ఆగింది. "అక్కడ మిషన్ లేదు. అంతే."

శిక్షకురాలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అదే కారణమని చెప్పలేమమ్మా. ఒక్కసారి చూసి ఏదీ తేల్చకూడదు. పైగా ఇక్కడ చేసింది మీరు, తమ్ముడు కాదు."

"మళ్లీ చూద్దామంటే వాడు లేడు కదా మేడమ్," అంది పెద్దక్క.

నర్సు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తల్లి కిటికీ దగ్గర మిషన్ మీద దిండుగలీబు కుడుతోంది. చూపు సరిగా ఆనకపోయినా వేళ్లతో తడుముకుంటూ కుట్టు తిన్నగానే వేస్తుంది.

"ఏం నేర్పారే ఇవాళ?"

"లెక్కపెట్టడం."

"దానికి శిక్షణ కూడానా!" అని నవ్వి తల్లి మిషన్ తొక్కింది.

కూతురు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో నిలబడింది. మాట నోటిదాకా వచ్చింది. చెబితే అమ్మ ఇక ఆ మిషన్ ముట్టదు. ఆవిడకి ఇంకేం మిగిలింది గనక? గిన్నెలు కడిగి, చెయ్యి తుడుచుకుని, వంట మొదలుపెట్టింది. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

మరుసటి నెల బడిలో చేరింది. పని బాగానే చేస్తోందన్నారు. ఇంటికొచ్చాక మాత్రం, తల్లి మిషన్ దగ్గర కూర్చుంటే చాలు, ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్లిపోయేది.

"ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ మా అమ్మాయికి ఇల్లు పట్టడం లేదు," అని తల్లి పక్కింటివాళ్లతో చెప్పుకునేది.