ఒక్కరే పట్టే ఫోటో

తెల్లవారిన దగ్గర్నుంచి ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. కాసేపు మబ్బు, కాసేపు ఎండ. ఫోటోలు తీసే గడ్డందించు, పెళ్లి హాలు మెట్ల మీద నిలబడి, మెత్తటి గుడ్డతో లెన్సు తుడుస్తూ, పైకి చూసి విసుక్కున్నాడు. పదహారేళ్లుగా అతనికి ఆకాశంతో పని పడలేదు. స్టూడియోలో ట్యూబులైట్లు, గోడకి తెల్లగుడ్డ, ఒక స్టూలు. వచ్చినవాళ్లు కూర్చుంటారు. "గడ్డం కాస్త దించండి, నవ్వకండి" అంటాడు, నొక్కుతాడు. పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఇంకేమీ తీసి ఎరగడు. ఆ మాట మీదే వీధి అతనికి గడ్డందించు అని పేరు పెట్టింది. పెళ్లిళ్లకి స్టూడియో యజమానే వెళ్లేవాడు. నిన్న ఆయన నడుం పట్టేసి మంచమెక్కాడు. "పెళ్లిలో ఉండేదీ మనుషులేగా, వెళ్లిరా" అని కెమెరా చేతిలో పెట్టాడు.

లోపల పెళ్లికూతురు తలలో పిన్నులు పెట్టించుకుంటూనే అతన్ని పిలిచింది.

"అంకుల్, మా నాన్న ఎప్పుడూ లారీ మీదే. నేను బళ్లో చేరిన రోజూ లేడు, పాసైన రోజూ లేడు. ఇద్దరం కలిసున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. మిగతావి పాడైనా నేనేమీ అనను. అదొక్కటి తీసిపెట్టండి. నాలుగింటి రైలుకి మేం వెళ్లిపోతాం."

"అదెంత పనమ్మా" అన్నాడు.

ఎంత పనో మధ్యాహ్నానికి తెలిసింది. పెళ్లికూతురి మేనమామ ఫోను ఎత్తి పట్టుకుని ప్రతిసారీ సరిగ్గా కెమెరాకి అడ్డం వచ్చాడు. జరగమంటే, "నేను మేనమామనయ్యా" అన్నాడు.

"తెలుసండీ. మీ వీపు ముప్పై ఫోటోల్లో పడింది."

ఆడవాళ్లని వరసగా నిలబెడితే పెళ్లికూతురి పిన్ని మూతి ముడిచింది. "నవ్వమని చెప్పవేంటయ్యా? చావింట్లో నిలబడ్డట్టు ఉంది."

"నవ్వితే పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు వెనక్కి పంపేస్తారండీ" అనేసి నాలిక్కరుచుకున్నాడు. పెళ్లి జంట రిజిస్టరులో సంతకాలు పెడుతున్నప్పుడు అతను బ్యాటరీ మారుస్తున్నాడు. వాళ్లని మళ్లీ కలం పట్టుకోమంటే పెళ్లికొడుకు ఎర్రగా చూశాడు.

ఇక ఆ తండ్రి. పొట్టి మనిషి. లారీ కిటికీ వైపు చెయ్యి ఒక్కటే ఎండకి నల్లబడి, రెండో చెయ్యి ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు ఉంటుంది. హాలంతా ఆయనే, ఫోటోలో మాత్రం దొరకడు. నీళ్ల మోటారు దగ్గరికి ఒకసారి, కుర్చీల దగ్గరికి ఒకసారి. పట్టుకోబోతే, "వస్తున్నా తమ్ముడూ, ఆ వ్యాను వెనక్కి తీయించి వస్తా" అనడం, మాయమవడం. నాలుగుసార్లు అయ్యేసరికి గడ్డందించుకి కాళ్లు పీకి, ఒళ్లు మండింది.

మూడున్నరకి కారు గుమ్మంలో ఆగింది. అతను తండ్రి మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గోడకి నిలబెట్టాడు.

"ఇప్పుడు మీరు కదిలారంటే, కెమెరా ఇక్కడే పడేసి పోతా."

తండ్రి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కూతురు పక్కకి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయనకి ఎటు చూడాలో తెలియలేదు.

"గడ్డం కాస్త దించండి. నవ్వకండి."

నోరు దానంతటదే అంది. ఇద్దరూ చెప్పినట్టే బిగుసుకు నిలబడ్డారు. అతను నొక్కాడు. కారు హారను మోగింది. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. తలుపు పడింది. కారు వీధి మలుపు తిరిగాక, అతను కెమెరా వెనక తెర మీద చూసుకున్నాడు.

తండ్రి ఒక్కడే ఉన్నాడు. సరిగ్గా మధ్యలో తల, అటూ ఇటూ సమంగా భుజాలు. పదహారేళ్లు ఒక్కొక్క తలనే పట్టుకున్న చేతులు ఈ రోజూ ఒక్క తలనే పట్టుకున్నాయి. కూతురివి భుజం మీద నాలుగు వేళ్లు మాత్రం పడ్డాయి. అతను మలుపు దాకా పరుగెత్తాడు. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు.

వెనక్కి వచ్చేసరికి హాలు ఖాళీ. తండ్రి రెండు పళ్లేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"రా తమ్ముడూ. పొద్దుట్నుంచి నువ్వూ తినలేదు."

గడ్డందించు వచ్చి కూర్చున్నాడు. కెమెరా ఆయన ముందుకి జరిపాడు. "తప్పు చేశానన్నా. అమ్మాయి పడలేదు."

తండ్రి చెయ్యి తుడుచుకుని, కెమెరా దగ్గరికి తీసుకుని, ఆ నాలుగు వేళ్లనే చాలాసేపు చూశాడు.

"గోళ్లు కొరకడం ఇంకా మానలేదు" అన్నాడు. "ఇదే పంపు దానికి."

అతని పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసి, తను కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ తిన్నారు. ఎదురు కుర్చీ కింద, కొత్తవి తొడుక్కుంటూ పెళ్లికూతురు విడిచిన పాత చెప్పులు ఉన్నాయి. మడమల దగ్గర అరిగిపోయి, ఒకటి బోర్లా పడి ఉంది.