తోమా గారింటి రాజ్మా చారు

చీరాలకు పడమటగా, మిరపచేల నడుమనున్న ఆ పల్లెలో తోమాకు రెండు బాధలుండేవి. ఒకటి, యాభై ఎనిమిదేళ్ళొచ్చినా ఊరి చర్చిలో సంఘపెద్ద కాలేకపోవడం. రెండోది, పొద్దున్నే చెంబు పట్టుకుని చేలోకి వెళ్ళడం, వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగి రావడం. మొదటిదానికి కారణం దానయ్య. వరసగా మూడు ఎన్నికలూ అతనే నెగ్గాడు. రెండోదానికి కారణం ఎవరికీ తెలియదు గానీ, సలహా మాత్రం ఊరందరి దగ్గరా ఉండేది.

ఎనభై నాలుగులో, మిలటరీలో పనిచేసే అల్లుడు ఇమ్మానియేలు సెలవు మీద వస్తూ ఐదు కిలోల ఎర్రగింజలు మోసుకొచ్చాడు.

“వీటిని రాజ్మా అంటారు మావయ్యా. మంచి బలం. పీచు ఎక్కువ, కడుపు కదులుతుంది. షుగరున్నవాళ్ళక్కూడా మంచిదని మా డాక్టరు చెప్పాడు.”

“కడుపు కదులుతుందా?” అన్నాడు తోమా. మిగతా సుగుణాలు అతని చెవికెక్కలేదు.

“కదులుతుంది. కాకపోతే రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. కొత్త నీళ్ళు పోసి బాగా మరిగించి, మెత్తగా ఉడకనివ్వాలి. మొదట్లో గుప్పెడుకి మించొద్దు, గ్యాసు పడుతుంది.”

అల్లుడు రైలెక్కేశాడు. ఆ శనివారం తెల్లవారుజామునే తోమా భార్య ఎలీసమ్మ పొయ్యి ముందు కూర్చుంది.

“నీళ్ళు పారబోయాలంట. ఉత్తరాదికి పోయి పిల్లాడికి మతి చెడింది. ఉలవల నీళ్ళు పారబోసే కొంప ఈ జిల్లాలో ఎక్కడన్నా ఉందా? సారమంతా నీళ్ళల్లోనేగా. గింజలు గొడ్లకి, చారు మనకి.”

ఐదు కిలోలూ నానిన నీళ్ళతో సహా కాగులోకెక్కాయి. పిడకల మంట మీద సాయంత్రం దాకా మరిగి మరిగి చారు చిక్కబడింది. చింతపండు పిసికి, ఉల్లిపాయ తాలింపు పెట్టి, పైన మీగడ వేసేసరికి వీధి వీధంతా ఘుమఘుమలాడింది. గింజలు గేదె తిన్నది. ఆ గేదె ఎత్తిన తోక మళ్ళీ మంగళవారం దాకా దించలేదనీ, దాని వెనక గోడకు కొట్టిన పిడకలు ఊడిపోయి తన పంచలో పడ్డాయనీ ఎదురింటి పున్నమ్మ ఈనాటికీ ప్రమాణం చేస్తుంది.

మూడు గిన్నెలు తాగాక తోమాకు బుద్ధి వికసించింది. తెల్లారితే ఎన్నిక.

“ఏమేవ్, ఓటున్న ప్రతి ఇంటికీ ఓ గిన్నెడు పంపు.”

“దానయ్య ఇంటిక్కూడానా?”

“వాడికి రెండు పంపు. ఓడిపోయేవాడు, కడుపునిండా తిననీ.”

పంచగా పంచగా కాగు అడుగంటింది. ఎలీసమ్మకు చుక్క మిగల్లేదు.

ఆదివారం పాస్టరు క్రీస్తుదాసు గారు చీరాల నుంచి సైకిలు మీద వచ్చారు. ఆ సంఘంలో ఎన్నికకు ముందు ఐదు నిమిషాలు మౌన ప్రార్థన చేయాలి. తర్వాత తమకు కావలసినవాడి పేరు రాగానే లేచి నిలబడాలి. అదే ఓటు.

మౌనం రెండో నిమిషంలో ఉండగా, మోకాళ్ళ మీదున్న దానయ్య దగ్గర్నుంచి చేలకు మందుకొట్టే ఇంజను అంటుకోబోయి ఆగినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి దానికి జవాబొచ్చింది. ఆ తర్వాత ఎవరు అడిగారో, ఎవరు బదులిచ్చారో తెలియలేదు.

“ఏం పోశావమ్మా ఆ చార్లో?” గొణిగింది ఎలీసమ్మ పక్కన కూర్చున్న వీరమ్మ.

“ఉలవచారు లాగానే కాశానమ్మా,” అంది ఎలీసమ్మ.

ఆ మాట వినపడి తోమాకు చెమటలు పట్టాయి. చారు సంగతి బయటపడితే ఒక్క ఓటు రాలదు. దానికితోడు, ఏళ్ళ తరబడి నిద్రపోయిన తన కడుపు కూడా అప్పుడే కళ్ళు తెరుస్తున్నది.

“దానయ్య గారు కావాలన్నవాళ్ళు లేవండి,” అన్నారు పాస్టరు గారు.

ఎవరూ లేవలేదు. బిగబట్టుకుని కూర్చున్నవాళ్ళు లేస్తే ఏమవుతుందో వాళ్ళకే తెలుసు. దానయ్య ఒక మోకాలు ఎత్తి, ఆలోచించి, మళ్ళీ దించేశాడు.

“తోమా గారు కావాలన్నవాళ్ళు.”

ఓర్పుకూ ఒక హద్దుంటుంది. ముందు తోమాయే లేచాడు, సిగ్గు లేకుండా తన ఓటు తనే వేసుకున్నట్టు. ఆ వెనక వీరమ్మ, ఆ వెనక అరవై మందీ ఒక్కసారిగా లేచారు. దానయ్య కూడా లేచాడు. పాస్టరు గారు ‘ఏకగ్రీవం’ అని రాసుకుని తలెత్తేసరికి మందిరంలో ఎలీసమ్మ ఒక్కతే ఉంది.

“అమ్మా, పెద్ద గారేరి?”

“పనిమీద వెళ్ళారండి.”

పక్కనే పత్తిచేనులో రెండు సాళ్ళ అవతలి నుంచి దానయ్య గొంతు వినిపించింది.

“ఒరేయ్ తోమా, ఇంతకీ గెలిచిందెవరంటావ్?”

“నన్ను మాట్లాడించకరా,” అన్నాడు తోమా. “ఇన్నేళ్ళకి కుదిరింది.”