మావయ్య కాదన్న సాలీడు

స్నానాల గదుల్లో అరచేతి వెడల్పున కాళ్లు చాపుకుని పరుగులు తీసే పెద్ద ఇంటి సాలీళ్లన్నీ ఒకే జాతివని, మ్యూజియంలో సాలీళ్ల విభాగాన్ని నడిపే పెద్దాయన తన కుర్రతనంలోనే తేల్చేశాడు. ఆయనకు పేరొచ్చింది ఆ మాటతోనే. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మేనకోడలు ఇప్పుడు, కాదు, అవి రెండు జాతులంటూ శాస్త్ర పత్రికకు వ్యాసం పంపింది.

"పైకి తేడా ఏముందే?" అన్నాడాయన.

"పైకి ఏం లేదు మావయ్యా. మగవాటి మూతి పక్కన చిన్న చేతుల్లాంటివి ఉంటాయిగా, వాటి కొసలు చూడు. జతకట్టేది వాటితోనే. కొన్నిట్లో కొక్కెంలా ఉంది, కొన్నిట్లో సూదిలా ఉంది."

"రెండిటికీ మధ్యరకానివి నేను చూశాను."

"ఏవీ? చూపించు."

ఆయన ముఖం జేవురించింది. "వ్యాసం వెనక్కి తీసుకో. లేదా నా గదిలో నీకు చోటు లేదు."

"చోటు నువ్వే ఉంచుకో."

ఆమె తన పాత మైక్రోస్కోపు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టుకుంది. అది చూసి తల్లికి ఒళ్లు మండింది.

"అన్నయ్యతో నీకెందుకే పేచీ? తప్పయిందని చెప్పేయ్."

"నువ్వు చూసి తప్పని చెప్పు, చెప్పేస్తాను."

సాలీడంటే హడలిపోయే ఆ తల్లి ఒక కన్ను మూసుకుని కొక్కెం కొసను చూసింది. తర్వాత సూది కొసనూ చూసింది. "వీటిని ఒకటే అన్నాడా అన్నయ్య!" అంది. మర్నాటి నుంచి గాజు గ్లాసు, అట్టముక్క పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగి సాలీళ్లను పట్టుకొచ్చింది. వాటిలో సగాన్ని కళ్లు మూసుకునే పట్టానని ఒప్పుకుంది.

శాస్త్రవేత్తల సభలో పెద్దాయన లేచాడు. "ఇంటి గొడవకి శాస్త్రమని పేరు పెడుతోందండీ ఈ అమ్మాయి."

"గొడవ మనింటిదే. సాలీళ్లు మాత్రం అందరివీ. రండి, చూడండి," అందామె.

ఆమె తెచ్చిన మైక్రోస్కోపులో అందరూ వరసకట్టి చూశారు. ఆయన మాత్రం చూడకుండానే వెళ్లిపోయాడు.

వ్యాసం అచ్చయింది. ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఆయన పక్షాన నిలిచారు. కొత్త జాతికి గురువుగారి పేరు పెట్టి ఆయన్ని చల్లబరచమని సహోద్యోగులు నచ్చజెప్పారు.

"అసలు లేనే లేదన్నదానికి ఆయన పేరెలా పెడతాను?" అంటూ ఆమె తల్లి పేరు పెట్టింది.

"పోయి పోయి సాలీడుకా నా పేరు!" అని తల్లి పొద్దంతా సణిగింది. సాయంత్రానికి అన్నయ్యకు తనే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది.